బాబా అరికాళ్ళకు అంటిన నల్ల ఇసుక

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మా ఊళ్ళో ఎవరికైనా గాలి సోకిందని వేపమండలతో బాదుతుంటే మధ్యలో దూరి, ఆ మండలు లాక్కుని విరిచి పారేసే మనిషి మా నాన్న. ఆయన కూతుర్ని నేను. పదో తరగతి దాకా చదువుకున్నాను.

ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, నాకు జరిగింది విన్నవాళ్ళు రెండే రకాలుగా మాట్లాడతారు. కొందరు "ఎండకు తల తిరిగుంటుందిలే" అంటారు. ఇంకొందరికి అదొక కాలక్షేపం. మొన్నామధ్య ఫోన్లలో వీడియోలు పెట్టే చానెల్ వాళ్ళు రాయచోటిలో మా ఇంటికి వచ్చారు. "తెల్లబట్టల్లో ఏడుగురు కనపడ్డారని చెప్పండమ్మా, మిగతాది మేం మ్యూజిక్ పెట్టి చూసుకుంటాం" అన్నారు. నాకు ఎవరూ కనపడలేదన్నాను. "మరి ఇందులో ఏముంది?" అని అడిగారు. కాఫీ తాగి వెళ్ళమన్నాను.

ఏముందో నేనే రాస్తున్నాను. భయపెట్టడానికి కాదు. ఇన్నేళ్ళయినా నాకు కోపం తగ్గలేదు, అందుకు.

1990లో ఇరాక్ సైన్యం కువైట్ మీద పడేటప్పటికి నేను అక్కడికి వెళ్ళి మూడేళ్ళు అయింది. సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పని. ఇంట్లో మామా, అంటే ఇంటి యజమానురాలు, ఆమె భర్త, ఇద్దరు పిల్లలు. కింద గదిలో భర్త తండ్రి. ఆయన్ని అందరూ బాబా అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేదాన్ని. నా పేరు ఈశ్వరమ్మ. బాబా నోట్లో అది ఈషా అయింది.

బాబా జీవితమంతా బడిలో భూగోళం చెప్పినవారు. నేను చేరేటప్పటికే పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. మాట ముద్దగా వచ్చినా అర్థమయ్యేది. మంచం మీంచి కుర్చీలోకి మార్చాలన్నా నేను చంకల కింద చేతులు వేసి ఎత్తాల్సిందే. ఆయన తనంతట తాను లేచి నిలబడటం నేను ఒక్కరోజు కూడా చూడలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆయన గదిలో బల్ల మీద ఒక దీవి నమూనా ఉండేది. శిష్యులెవరో ప్లాస్టర్‌తో చేసి ఇచ్చారట. చూడటానికి గరిటెలా ఉంటుంది. ఒకవైపు వెడల్పు, నడుమ సన్నం, ఆ తర్వాత పొడుగాటి తోక. వెడల్పు వైపున పెద్ద కొండ, కొండకు తెల్లరంగు, అంచులకు నల్లరంగు. దాని పేరు యాన్ మాయెన్. ఉత్తర ధ్రువం దారిలో, గ్రీన్‌లాండుకూ నార్వేకూ నడుమ సముద్రంలో ఉంటుందట.

బాబా అక్కడికి ఎప్పుడూ వెళ్ళలేదు. కుర్రతనంలో ఏదో పుస్తకంలో పటం చూసి దాని మీద మనసు పడ్డారట, అంతే. ఇంట్లో ఎవరూ వినేవాళ్ళు కాదు. కొడుకు "ఖలాస్ బాబా, మళ్ళీ ఆ దీవేనా" అని లేచిపోయేవాడు. నేను లేచిపోలేను కదా. ఆయన కాళ్ళు నొక్కుతూ వినేదాన్ని. వినగా వినగా నాకూ ఇష్టమైంది.

అక్కడ ఒక్క చెట్టు కూడా మొలవదట. అయినా ఒడ్డు నిండా దుంగలే. సైబీరియా నదుల్లో కొట్టుకొచ్చిన మానులు మంచుగడ్డల్లో ఇరుక్కుని, ఏళ్ళ తరబడి సముద్రం మీద తిరిగి అక్కడికి చేరతాయట. కొండ లోపల నిప్పు, పైన మంచు. బాబా నాకు చెప్పేనాటికి ఇరవై ఏళ్ళ కిందటే ఆ కొండ పక్కగా పగిలి నిప్పులు కక్కిందట. ఆ రాయి నలిగి నలిగి ఒడ్డున ఇసుకంతా బొగ్గులా నల్లగా ఉంటుందట. ఎప్పుడు చూసినా పొగమంచు. పక్కనుంచి పోయే ఓడలకు కూడా దీవి కనపడదట.

తిమింగలాల కోసం వచ్చిన ఓడలవాళ్ళు ఎవరికి వాళ్ళు "నేనే ముందు చూశాను" అని తలా ఒక పేరు పెట్టారట. చివరికి ఒక కెప్టెన్ పేరు నిలిచింది. ఒడ్డున పొయ్యిలు కట్టి తిమింగలాల కొవ్వు కాచి నూనె తీశారు. కొన్నేళ్ళకు తిమింగలాలు అయిపోయాయి, వాళ్ళూ పోయారు. చాలాకాలానికి ఇంకో దేశం నుంచి కొందరు వచ్చి, ఏడాది పాటు అక్కడే ఉండి, కొండా వాగూ కొలిచి సరైన పటం గీశారు. ఇప్పుడు వాతావరణం కొలిచే కొద్దిమంది తప్ప అక్కడ ఎవరూ ఉండరట.

ఇవన్నీ బాబా మామూలుగా చెప్పేవారు. ఏడుగురి సంగతి దగ్గరికి వచ్చేటప్పటికి గొంతు మారిపోయేది.

తిమింగలాల కాలంలోనే ఒక ఏడాది ఆ ఒడ్డు మీద దొంగలు పడి, దాచిపెట్టిన సామానంతా దోచుకుపోయారట. మరుసటి ఏడు చలికాలం రాకముందే ఓడలు వెనక్కి వెళ్తూ కాపలాకని ఏడుగురిని అక్కడ వదిలిపెట్టాయి. ఎండాకాలం ఓడలు తిరిగొచ్చేటప్పటికి ఏడుగురూ చనిపోయి ఉన్నారు. కూరాకు లేక, తాజా మాంసం లేక, చిగుళ్ళు కుళ్ళి కాళ్ళు వాచి పోయారు. మొదట పోయినవాణ్ణి మిగతావాళ్ళు పెట్టెలో పెట్టగలిగారు. ఆ తర్వాత ఎవరికీ లేచే ఓపిక లేకపోయింది.

"దేనికి కాపలా ఈషా?" అని అడిగేవారు బాబా. "డేగిసాలకు, పీపాలకు. పీపాలు బాగానే ఉన్నాయి. మనుషులే పోయారు."

మూడువందల యాభై ఏళ్ళ కిందటి సంగతికి ఆయన మొన్న జరిగినట్టు కోపం తెచ్చుకునేవారు. పెద్దాయన కదా, ఏదో ఒకటి పట్టుకుంటారులే అనుకునేదాన్ని.

ఆ ఏడాది ఎండాకాలం మామా వాళ్ళు సెలవులకు విదేశం వెళ్ళారు. బాబాను విమానం ఎక్కించడం కష్టమని మా ఇద్దరినీ ఇంట్లో ఉంచారు. అందుకు వాళ్ళను తప్పు పట్టను. ప్రతి ఏడూ అలాగే వెళ్ళేవాళ్ళు. తర్వాత జరిగిందే తప్పు.

ఆగస్టులో ఒక తెల్లవారుజామున పేలుళ్ళు వినపడ్డాయి. ఎక్కడో రోడ్డు పని అనుకున్నాను. బాబా రేడియో పెట్టమన్నారు. విని, కట్టేయమన్నారు. ఇతర దేశాలకు ఫోన్లు పోలేదు. వీధిలో ఒక్కో ఇంటికీ తాళం పడింది.

కొన్నాళ్ళకు మామా తమ్ముడు పెద్ద కారు వేసుకుని వచ్చాడు. కారులో భార్యాపిల్లలు ఉన్నారు. ఎడారి దారిన సౌదీ పోతున్నామన్నాడు. బాబా కోసమే వచ్చాడనుకుని నేను గబగబా ఆయన బట్టలూ మందులూ సర్దడం మొదలుపెట్టాను. ఆ మనిషి బాబా గదిలోకి తొంగి కూడా చూడలేదు. నేరుగా పైకి పోయి, బీరువా తెరిచి నగల పెట్టెనూ ఇంటి కాగితాలనూ తీసుకుని దిగాడు.

"బాబాను వెనక సీట్లో పడుకోబెడదాం" అన్నాను.

"చోటు లేదు. నువ్వు ఉండు. ఇంట్లో మనిషి లేకపోతే సైనికులు తాళం పగలగొట్టి దూరతారు. ఇల్లు జాగ్రత్త. యల్లా, పోతున్నాం."

"నా పాస్‌పోర్టు?"

"నాకేం తెలుసు. నీ కఫీల్‌ను అడుగు."

కఫీల్ అంటే నన్ను పనికి పిలిపించుకున్న యజమాని, మామా భర్త. నా పాస్‌పోర్టు ఆయన దాచిపెట్టాడు. ఆయన దేశంలోనే లేడు.

గేటు దాకా వెంట వెళ్ళాను. కారు వెనక సీట్లో హాల్లోని తివాచీ చుట్టచుట్టి నిలబెట్టి ఉంది. నేను సర్దుతుండగా ఎప్పుడు మోసుకెళ్ళాడో. ముసలాయనకు చోటు లేదు, తివాచీకి ఉంది. ఇది నేను కళ్ళారా చూశాను. దెయ్యం సంగతి నమ్మినా నమ్మకపోయినా, ఇది మాత్రం నమ్మండి.

లోపలికి వచ్చేటప్పటికి బాబా తలుపు వైపే చూస్తున్నారు. అంతా విన్నారు. ఏడవలేదు. "ఓడ పోయిందా?" అన్నారు. పోయింది బాబా అన్నాను.

ఆ రోజుల్లో మాకు తోడున్న మనిషి ఒక్కడే, సత్తిబాబు. కోనసీమ వాడు. దజీజ్ అనే పేటలో ఒక గోడౌను వాళ్ళ సరుకు వ్యాను నడిపేవాడు. మా ఇంటికి సరుకు దించేటప్పుడు నేను తెలుగులో గొణుక్కోవడం విని పలకరించాడు. అప్పటి నుంచి నన్ను చెల్లెమ్మా అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. ఆయన యజమాని కూడా పారిపోయాడు, వ్యాను మిగిలింది. దొరికిన రోజు రొట్టెలు, నీళ్ళు తెచ్చి ఇచ్చేవాడు. కూరగాయలు కంటికి కనపడని రోజులవి.

తర్వాత మా వీధికి కరెంటు పోయింది. బాగుచేసే వాళ్ళు లేరు. కువైట్ ఎండ తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. గోడ మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టే. నేను తడిగుడ్డతో బాబా ఒళ్ళు తుడుస్తూ ఉండేదాన్ని.

ఒక మధ్యాహ్నం అలాగే గుడ్డ తడుపుకుని గది తలుపు తీశాను. లోపల చల్లగా ఉంది. కూలరు వేసిన చల్లదనం కాదు. ఎముకలకు తగిలే చల్లదనం. బాబా కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నారు. కాళ్ళ దగ్గర దుప్పటి తడిసి ఉంది. తీసి చూస్తే రెండు అరికాళ్ళకూ తడి ఇసుక. నల్లటి, ముతక ఇసుక.

నేను మొదట అనుకున్నది దెయ్యం అని కాదు. ఎవరో లోపలికి వచ్చారనుకున్నాను. కిటికీలకు ఊచలున్నాయి. వీధి తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. పెరట్లోకి పోయి చూశాను. అక్కడ ఉన్నది మామూలు కువైట్ ఇసుకే, గోధుమపిండి రంగుది. కుండీల్లో మట్టి చూశాను. దీవి నమూనాను గోకి చూశాను. అది ప్లాస్టరూ రంగూ తప్ప ఇంకేం కాదు. చేయగలిగిన పరీక్షలన్నీ చేశాకే ఆయన్ని లేపాను.

"ఇదేంది బాబా?"

"నడిచాను" అన్నారు.

"యాడికి?"

ఆయన కుడిచెయ్యి ఎత్తి బల్ల వైపు చూపించారు. నేను కాళ్ళు కడిగాను. ఇసుకలో సముద్రపు వాసన వచ్చింది.

ఆ ఇసుక ఎందుకు దాచిపెట్టలేదని ఇప్పుడు అందరూ నన్ను దబాయిస్తారు. నేను ఇల్లు ఊడ్చే మనిషిని. ఊడ్చి పారేశాను.

ఇంకోసారి అలా జరిగినప్పుడు సత్తిబాబు ఇంట్లోనే ఉన్నాడు. నీళ్ళ డబ్బా దించి చెమటలు కక్కుతూ నిలబడ్డవాణ్ణి గదిలోకి పిలిచాను. గుమ్మంలో అడుగుపెట్టగానే చేతులు కట్టుకున్నాడు. బాబా పాదం దగ్గరి నుంచి చిటికెడు ఇసుక తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఇది గోదారి ఇసక కాదు, మా అంతర్వేది సముద్రం ఇసకా కాదు. ఈ దేశంలో నేను తిరగని బీచీ లేదు చెల్లెమ్మా. ఇలాటిది ఎక్కడా సూడలేదు."

"మరి యాడిది అన్నా?"

"నన్నడిగితే ఏం సెప్పను?" అని బయటికి వచ్చేశాడు.

బాబాను నేను గట్టిగానే నిలదీశాను. ఎక్కడికి పోతున్నారు, ఎట్లా పోతున్నారు అని. ఆయన నీళ్ళు తాగి చెప్పారు.

"వాళ్ళు లేవలేకపోతున్నారు ఈషా. గదిలో నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. కరగబెట్టి ఇచ్చేవాళ్ళు లేరు. నీళ్ళు ఇచ్చి వస్తున్నాను."

తనకు కావాల్సిన నీళ్ళు తాను తెచ్చుకోలేని మనిషి ఆయన. నాకు ఏడుపు వచ్చింది. జబ్బు తలకెక్కిందని ఏడ్చాను, భయంతో కాదు.

తర్వాత సైనికులు వచ్చారు. పట్టపగలు, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు. ఒక అధికారి, ఇద్దరు సిపాయిలు. మా ఇల్లు వీధి మలుపులో ఉంది, మేడ మీంచి నాలుగు దిక్కులూ కనపడతాయి. అది వాళ్ళకు కావాలట. నేను బాబా గది గుమ్మంలో నిలబడ్డాను.

"లోపల ఎవరు?" అన్నాడు అధికారి.

"జబ్బు మనిషి. లేవలేరు."

"బయట పడుకోబెట్టు."

"ఈ ఎండలోనా? మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేరా?"

ఆ మాట ఎట్లా అన్నానో నాకే తెలియదు. సిపాయి తుపాకీ మడమతో నన్ను పక్కకు నెట్టి లోపలికి పోయాడు. అతని వెనక రెండోవాడు. ఎంతసేపటికీ ఒక్క చప్పుడూ రాలేదు. అధికారి విసుక్కుంటూ తనూ వెళ్ళాడు.

ముగ్గురూ వెనక్కి నడుస్తూ బయటికి వచ్చారు. గది లోపలి గోడ వైపే చూస్తూ, వీపు నాకు తిప్పి. అధికారి చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నాడు. మీసాల మీద నీటి బొట్లు ఉన్నాయి. చెమట అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ అతని పళ్ళు టకటకమని కొట్టుకోవడం నేను విన్నాను.

"ఆ గదికి ఇంకో తలుపు ఎటువైపు ఉంది?" అని అడిగాడు.

"ఇంకో తలుపు లేదు."

"అబద్ధం చెప్పకు. మరి వాళ్ళంతా అటు ఎక్కడికి పోతున్నారు?"

"ఎవరు?"

అధికారి సిపాయిలతో ఏదో అన్నాడు. వాళ్ళు హాల్లో ఉన్న టీవీ, పక్కనే ఉన్న మిక్సీ ఎత్తుకుని జీపులో పెట్టారు. అంత భయంలోనూ టీవీ మరచిపోలేదు. మళ్ళీ మా ఇంటికి రాలేదు. మా వీధిలో మిగిలిన ఇళ్ళన్నిట్లోనూ దూరారు, మా ఇంటి ముందు మాత్రం జీపు ఆగేది కాదు.

వాళ్ళు పోయాక గదిలోకి వెళ్ళాను. నేల మీద తడి బూట్ల గుర్తులు ఉన్నాయి. అవి సిపాయిలవే అయ్యుండొచ్చు. కానీ బయట ఎక్కడా చుక్క నీరు లేదు, వాళ్ళ బూట్లు తడిసే దారి లేదు. బాబా మంచం మీదే ఉన్నారు. నిద్రపోతున్నారు. నాకు కనపడింది ఇంతే. ఇంతకు మించి ఒక్క ముక్క కూడా కలపను.

సెప్టెంబరులో సత్తిబాబు ఆత్రంగా వచ్చాడు. మనవాళ్ళకు బస్సులు పెడుతున్నారని, బస్రా, బాగ్దాదు మీదుగా అమ్మాన్ పోతే అక్కడి నుంచి విమానాలని చెప్పాడు. పాస్‌పోర్టు లేకపోయినా వేరే కాగితం రాసిస్తున్నారట.

"రేపే బస్సు. గుడ్డలు సద్దుకో. మళ్ళీ ఉంటదో ఉండదో తెలీదు."

"బాబాను ఏం చేసేది?"

సత్తిబాబు తల దించుకున్నాడు. "ఆయన్ని ఎక్కించుకోరు చెల్లెమ్మా. ఎక్కించుకున్నా ఆ దారికి తట్టుకోడు."

గదిలోంచి బాబా పిలిచారు. తెలుగు రాకపోయినా బస్సు, అమ్మాన్ అన్న మాటలు విని గ్రహించారు. "పో ఈషా" అన్నారు. "నాకు వాళ్ళున్నారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. మామా తమ్ముడి మీద కోపం, సెలవులకు పోయి చల్లగా ఉన్న కొడుకు మీద కోపం, సైనికుల మీద కోపం, ఎన్నడో ఎముకలైన ఓడ యజమానుల మీద కోపం, అన్నీ కలిసి ఆ ముసలాయన మీద పడ్డాయి.

"మూడేళ్ళుగా నాకు ఆ కథ చెప్పి తిట్టింది ఎవరిని బాబా? వాళ్ళు చేసిన పనే నన్ను చెయ్యమంటారా? రొట్టె, నీళ్ళు తల దగ్గర పెట్టి, తలుపు దగ్గరకు వేసి పొమ్మంటారా? నేను పోను. మీరు పోయేదాకా పోను."

సత్తిబాబుతో అన్నాను, "నువ్వు పో అన్నా. మీ పిల్లోళ్ళు ఎదురుచూస్తాంటారు."

ఆయన "బస్సులు ఇంకా ఉంటాయిలే" అని రొట్టె కోసం బయటికి వెళ్ళాడు. ఆ బస్సు ఆయన కూడా ఎక్కలేదు. ఈ మనిషి గురించి ఏ పత్రికలోనూ రాయలేదు.

ఆ నెలాఖరులో ఒక పొద్దున బాబా పోయారు. నేను పక్కనే ఉన్నాను. బాధపడలేదు. ముందురోజు సాయంత్రం ఆయన కాళ్ళు నేనే కడిగాను, పాదాలు మామూలుగానే ఉన్నాయి.

వీధిలో మిగిలిన ఒక ముసలి కువైటీ, వాళ్ళ ఇంటి కాపలాదారు పఠాన్ వచ్చి వాళ్ళ పద్ధతిలో స్నానం చేయించారు. నేను బయట కూర్చున్నాను. పఠాన్ మధ్యలో లేచి వచ్చాడు. ముఖం అదోలా ఉంది.

"బహెన్, ఈయన ఎక్కడి నుంచి వచ్చాడు?"

"ఎక్కడి నుంచీ రాలేదు. మూడేళ్ళకు పైగా ఈ మంచం మీదే ఉన్నారు."

"వేళ్ళు చూశావా? రెండు కాళ్ళవీ నల్లబడ్డాయి. మా కొండల్లో ఇలాంటివి చాలా చూశాను. బర్ఫ్ నే కాటా హై." మంచు కొరికిన వేళ్ళు అని.

కడపలో ఒక డాక్టరుకు ఈ మాట చెప్పాను. పక్షవాతం వచ్చినవాళ్ళకు రక్తం ఆడక వేళ్ళు నల్లబడొచ్చమ్మా అన్నాడు. ఒక్క రాత్రిలోనా అని అడిగాను. అంత తొందరగా జరగదన్నాడు. పక్షవాతం లేని కుడికాలికి కూడానా అన్నాను. నేను సరిగా చూసుండకపోవచ్చన్నాడు. ఆ పాదాలను నాకంటే సరిగా చూసినవాళ్ళు ఎవరు?

బాబాను పఠాన్, పక్కింటాయన, సత్తిబాబు కలిసి వ్యానులో తీసుకెళ్ళి మట్టి చేసి వచ్చారు. తర్వాత దొరికిన బస్సులో నేనూ సత్తిబాబూ అమ్మాన్ చేరాం. ఆ ప్రయాణం వేరే కథ, ఆ కష్టం పడ్డవాళ్ళు లక్షమంది పైనే ఉన్నారు, నేను కొత్తగా చెప్పేది లేదు.

కొన్నేళ్ళకు బతుకు కోసం మళ్ళీ కువైటే పోవాల్సి వచ్చింది, వేరే ఇంట్లో పనికి. మామా వాళ్ళు తిరిగి వచ్చి ఉన్నారని తెలిసి ఒక శుక్రవారం నేనే వెళ్ళాను. బాబా ఎలా పోయారో కొడుక్కి చెప్పడం నా బాధ్యత అనుకున్నాను.

హాల్లో నిలబెట్టే మాట్లాడారు. మామా మొదట అడిగింది టీవీ గురించి. తర్వాత తివాచీ గురించి. సైనికులకు నువ్వే తలుపు తీశావంట కదా అంది.

"టీవీ సైనికులు తీసుకుపోయారు. తివాచీ మీ తమ్ముడి కారులో పోయింది మామా. ఆయన్ని అడగండి" అన్నాను.

ఆమె ముఖం ఎర్రబడింది. అప్పుడు కొడుకు అందుకున్నాడు. పక్కింటి ముసలాయన అతనికి వేళ్ళ సంగతి చెప్పాడట. "మా నాన్న కాళ్ళు కుళ్ళిపోయేదాకా ఏం చేస్తున్నావు? తిండి పెట్టావా అసలు?" అన్నాడు.

నేను చల్లదనం గురించి చెప్పాను, ఇసుక గురించి చెప్పాను, అధికారి అడిగిన ప్రశ్న చెప్పాను. మామా నవ్వింది. పనిమనుషులు ఇలాగే కథలు అల్లుతారంది. తన మామగారిని చంపి దెయ్యాల మీద పెడుతున్నానంది. ఆ నల్ల ఇసుక ఎక్కడిదో నేను చెప్పలేకపోవచ్చు. ఆయన నోట్లో నీళ్ళు పోసింది ఎవరో మాత్రం చెప్పగలను.

వెళ్ళిపోతుంటే కొడుకు గేటు దగ్గరికి ఒక్కడే వచ్చాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"చివర్లో నా కోసం అడిగారా?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. మనసు రాలేదు.

"లేదు. ఆ పొద్దున బాబా కొందరిని పేరు పేరునా పిలిచారు. అందులో మీ పేరు లేదు."

"ఎవరిని పిలిచారు?"

"నాకు తెలియని పేర్లు. అరబ్బీ కాదు, హిందీ కాదు, ఇంగ్లీషూ కాదు. బడిలో హాజరు పిలిచినట్టు ఒక్కొక్కరినీ పిలిచి, కాస్త ఆగి, తల ఊపి తర్వాతి పేరు పిలిచారు."

"ఎన్ని పేర్లు?"

"లెక్కపెట్టలేదు" అన్నాను. నిజంగానే లెక్కపెట్టలేదు. చెయ్యి పట్టుకుని కూర్చున్నానే గానీ ఆ ధ్యాస రాలేదు.

అవి ఎవరి పేర్లో, బాబాకు ఎవరు చెప్పారో నాకు ఈ రోజుకూ తెలియదు. గదిలో ఉన్నది మేమిద్దరమే. నాకు ఏ జవాబూ వినపడలేదు. బాబా మాత్రం ఒక్కో పేరుకూ ఆగి, విని, తల ఊపి, ఇంకో పేరు పిలిచారు.